నల్ల టోపీవాడు

“నిన్న గట్టిగా అడిగానన్నారు. పై వాటా ఆయన మళ్ళీ మన స్కూటర్ జాగాలోనే కారు పెట్టాడు!” అంది భార్య.

“ఉండవే, హీరో తుపాకీ తీస్తున్నాడు” అన్నాడు భర్త. టీవీలో పాత కౌబాయ్ సినిమా వస్తోంది. తక్కువ ఖర్చులో లాగించేసిన సినిమా కాబట్టి, గుర్రం అదే బండరాయిని మూడోసారి దాటింది.

బెల్లు మోగింది. పై వాటా ఆయనే, చొక్కా చేతులు పైకి మడిచి మరీ వచ్చాడు.

“మీ స్కూటర్ మా కారుకి అడ్డంగా...” అంటూ టీవీ చూసి ఆగిపోయాడు. “ఆ నల్ల టోపీవాడేనా విలన్?”

“ఇంకెవడు? కూర్చోండి.”

“అందుకేనండీ నాకీ సినిమాలంటే ప్రాణం. ఎవడితో పోట్లాడాలో టోపీ చూస్తే తెలిసిపోతుంది” అని ఆయన సోఫాలో సర్దుకున్నాడు.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. “ఆఁ, గట్టిగానే అడుగుతున్నానే” అన్నాడు ఫోన్లో తన భార్యతో, గొంతు తగ్గించి.

నిన్న తన మొగుడు చెప్పిందీ అదే మాట. ఇల్లాలు చెయ్యి చాచి ఆ ఫోన్ తీసుకుంది.

“వదినగారూ, కారు తాళం పట్టుకుని మీరే కిందికి రండి. స్కూటర్ తాళం నేను తెస్తాను. వీళ్ళిద్దరూ ఇప్పట్లో గుర్రం దిగేలా లేరు.”