నాలుగో ప్రశ్న

లెక్కల మేడమ్‌ను నడివీధిలో నిలబెట్టడానికి తర్కం మాస్టారికి ఇక నాలుగు ప్రశ్నల దూరమే మిగిలింది. ఆ నాలుగూ దాటితే కాలేజీ ప్రిన్సిపాల్ కుర్చీ ఆయనది. న్యాయంగా ఆ కుర్చీ మేడమ్‌కు రావలసింది. కాని పరీక్ష పేపరును ముందుగా బయటపెట్టిందన్న ఆరోపణ మీద ఆవిడ సస్పెండై ఇంట్లో కూర్చుని ఉంది. ఫిర్యాదు చేసింది మాస్టారే. రేపు ప్రిన్సిపాల్ హోదాలో ఆవిడ సంగతి తేల్చబోయేదీ ఆయనే.

"మీకు తర్కం చెప్పడం వచ్చు మాస్టారూ, చెయ్యడమే రాదు" అని ఆవిడ ఒకనాడు స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నది. అందరూ నవ్వారు. ఆ నవ్వు చెవిలో దూరిన చీమలా ఆయన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

బల్లకు అవతల నలుగురు కూర్చున్నారు. అన్ని శాఖల మీదా పెత్తనం చేయబోయే మనిషి అన్ని శాస్త్రాల్లోనూ ఆలోచించగలగాలని ఆ కాలేజీ నియమం. అందుకని ఒక్కొక్కరు తమ సబ్జెక్టు నుంచి ఒక్కో ప్రశ్న వేస్తారు. బట్టీ పట్టిన చదువు దానికి అక్కరకు రాదు. బుర్ర కావాలి.

"తరగతిలో సగంమంది ఒకే లెక్క తప్పు చేశారు. అందరిదీ అచ్చంగా ఒకటే తప్పు. దీన్నిబట్టి ఏం తేలుతుందంటారు?" అని స్టాటిస్టిక్స్ లెక్చరర్ మొదలుపెట్టాడు.

"ఒప్పు ఒక్కటే ఉంటుంది కాబట్టి ఒప్పులు కలవొచ్చండి. తప్పులు వెయ్యి రకాలు. అవి కూడా కలిశాయంటే, అందరికీ ఒకే నోరు చెప్పిందన్నమాట."

"ఆ చెప్పిన నోటికి లెక్కలు అంతంతమాత్రమన్నమాట."

"కంగారులో ఎంతటివాళ్లయినా పొరబడతారు లెండి."

అది ఊరికే అల్లిన ప్రశ్న కాదని మాస్టారికి అర్థమైంది. మేడమ్ పేపరులో జరిగింది సరిగ్గా అదే. అంటే వీళ్లు ఆవిడ మెడకు ఉరి బిగించే చేతుల కోసం వెతుకుతున్నారు. ఆయన కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నారు.

ఫిజిక్స్ లెక్చరర్ గొంతు సవరించుకున్నాడు. "మూత బిగించిన డబ్బా. పగులు లేదు, చిల్లు లేదు. లోపల నూనె మాత్రం తగ్గింది. దొంగను ఎక్కడ వెతుకుతారు? మా ఇంట్లో అయితే వెతకరు, తిన్నగా నా దగ్గరికే వస్తారనుకోండి."

మాస్టారు మర్యాదకు నవ్వారు. "మూత బిగించకముందు డబ్బా ఎవరి చేతుల్లో ఉందో అక్కడ వెతుకుతానండి."

సీలు వేయకముందు ఆ పేపరును చూసినవారు ఇద్దరే. ఒకరు దాన్ని తయారుచేసిన మేడమ్. రెండోవారు పరీక్షల బాధ్యత చూసే మాస్టారు. రెండోవారి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మూడో వంతు చరిత్ర లెక్చరరుది. మెత్తని గొంతు, నిదానమైన మాట. "రాజుగారి మంత్రిని ఎవరో చంపించారు. చేయించిందెవరో ఏ శాసనంలోనూ లేదు. ఎలా తేలుస్తారు మాస్టారూ?"

"మంత్రి పోయాక ఆ పీట మీద ఎవరు కూర్చున్నారో చూస్తానమ్మా. శాసనం అబద్ధమాడొచ్చు, పీట ఆడదు."

ఆవిడ కొంతసేపు ఆయన వంకే చూసి, "చాలా బాగా చెప్పారు" అన్నది. మాస్టారు ఆ మెప్పును తల వంచి స్వీకరించారు.

ఇక మిగిలింది అధ్యక్షురాలు. న్యాయశాస్త్రం చెప్పి తల నెరిసిన పెద్దావిడ. 

"ఒక లెక్చరర్‌గారు ఉన్నారు. పాతవారు, పేరున్నవారు. పేపరు బయటపెట్టింది వారేనని రుజువైంది. వారికి ఏం శిక్ష వేయమంటారు?"

రుజువైంది. ఆ ఒక్క మాట కోసం మాస్టారు ఎన్ని పూటలు మెతుకు సహించక లేచిపోయారో ఆయనకే తెలుసు.

"ఉద్యోగం తీసెయ్యాలండి."

"వారే రాజీనామా చేస్తానంటే?"

"పుచ్చుకోకూడదు. రాజీనామా పరువుగా వెళ్లేవాళ్లకి."

"సర్వీసు చాలా ఉంది. పెన్షనైనా ఇవ్వాలేమో."

"చిల్లిగవ్వ వద్దు."

"వారికీ ఒక కుటుంబం ఉంటుంది కదా మాస్టారూ."

"చదువు చెడిన పిల్లలకి లేదాండీ కుటుంబం?"

"తప్పయిపోయిందని కాళ్లావేళ్లా పడితే?"

"పిల్లలందరి ముందూ పడమనండి. పడ్డాక కూడా క్షమించకండి."

అధ్యక్షురాలు కళ్లద్దాలు సర్దుకుంది. "కోపంలో అంటున్న మాట కాదు కదా?"

"తర్కంతో అంటున్నానండి. నేరం రుజువయ్యాక జాలి చూపిస్తే అది రెండో నేరం. నన్నా కుర్చీలో కూర్చోబెట్టి చూడండి. ఆవిడని గేటు దాకా నడిచే మర్యాద కూడా దక్కనివ్వను. మెడపట్టి గెంటిస్తాను."

అధ్యక్షురాలు అటూ ఇటూ చూసింది. ముగ్గురూ తలలూపారు.

"మీ తీర్పు మా నలుగురికీ సమ్మతమే మాస్టారూ, అక్షరం పొల్లుపోకుండా ఇవాళే అమలు చేస్తాం. ఒక్కటే సవరణ. నేను మర్యాదకు 'వారు' అన్నాను, 'ఆవిడ' అన్నది మీరు. నిన్న ఆ ఒకే తప్పు చేసిన పిల్లలంతా మాకు చెప్పింది ఆడపేరు కాదు."