తుమ్ముల తాత

“తుమ్ముల తాతను తీసేస్తా ఉండాము సార్,” అన్నాడు దర్శకుడు జయరామ్.

గంగాధరం మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

రేణిగుంటలో ఆయన ఇంటి ముందుగదిలో పొద్దుటి నుంచీ ఇదే పని. ‘తూర్పుగవిని’ మాయాలోకపు కథ. ఏడు లావుపాటి భాగాలు. దాన్ని టీవీలో పది వారాలకు కుదించాలి. రెక్కల గుర్రాలకు ఖర్చెక్కువ అన్నారు. మాస్టారు సరేనన్నారు. దీవిలో యుద్ధం పోయింది. సరేనన్నారు. ముగ్గురు రాజులు కలిసి ఒక్క రాజయ్యారు. దానికీ తల ఊపారు.

“తాతను మాత్రం ఉంచండి,” అన్నారు ఇప్పుడు.

“ఆయప్పకు కథలో పనేముండాది సార్?” అంది స్క్రిప్టు రాసే కోమలి. “కోట వాకిట్లో కావలి కూర్చోనుంటాడు. మన హీరోయిన్ సింగారి కత్తి పట్టుకోని బయలుదేరినప్పుడల్లా తుమ్ముతాడు. ఆ పాప వెనక్కొచ్చి, కూర్చోని, నీళ్లు తాగి పోవాల. ఏడు భాగాల్లోనూ ఇదే!”

“తుమ్మితే ఆగాలి కదమ్మా.”

“నిజం తుమ్మయితే ఆగొచ్చు. ఆయప్పవన్నీ దొంగ తుమ్ములే కదా సార్!”

జయరామ్ నవ్వాడు. “అవతల నిప్పులు కక్కే పాము కోటను చుట్టుకోనుంటే, ఈడ ముసలాయన చెంబుతో నీళ్లిస్తా ఉంటే ఎవురు చూస్తారు సార్? చానెల్ మార్చేస్తారు.”

మాస్టారు నవ్వలేదు. “ఒక్కసారన్నా తుమ్మనీయప్పా. అర నిమిషం చాలు.”

జయరామ్ ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. “నా చేతిలో లేదు సార్. కథ మార్చుకోవచ్చని ఒప్పందంలోనే ఉండాది. సంతకం ఎప్పుడో అయిపాయ. మీకు చెప్పకుండా చేస్తే మర్యాద కాదని వచ్చినాము, అంతే.”

 మాస్టారు కింద పెట్టిన కాఫీ గ్లాసును మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

కోమలి గొంతు తగ్గించింది. “ఎనిమిదో భాగంలో తాతకేమన్నా పెద్ద పని పెట్టాలని ఉండిందా సార్? ఉంటే చెప్పండి, పైవాళ్లను అడిగి చూస్తాము.”

“తెలీదమ్మా. ఎనిమిదో భాగం ఇంక రాదు.”

ఇద్దరూ లేచారు. రైలుకు వేళయింది. కోమలి సంచి భుజాన వేసుకుని గడప దాటుతుంటే, మాస్టారి చెయ్యి ముక్కు దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ ఏడు భాగాలూ రాసిన ఆయన కూతురు, బతికున్నన్నాళ్లూ, చెన్నై రైలుకు బయలుదేరినప్పుడల్లా అదే గడప మీద నిలబడి, “మళ్లా దొంగ తుమ్మేనా నాయనా!” అని నవ్వుతూ వెనక్కి వచ్చి, కూర్చుని, ఆయన చేతి నీళ్లు తాగి వెళ్లేది.