మైలపడ్డ కుర్చీ

హనుమంతు ఇలా కూర్చున్నాడో లేదో, కుర్చీ అలా ఎత్తి పడేసింది.

పడేసి ఊరుకుందా? “నువ్వు గాదు, దిగు!” అని గద్దించింది కూడా. ఊరంతా “సర్పంచ్ సాబ్” అని దండం పెట్టే మనిషి, పంచాయతీ ఆఫీసు బండల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నార్కట్‌పల్లిలో చేయించి, ట్రాలీ ఆటోలో ఊరేగించి తెచ్చిన కొత్త కుర్చీ అది. దానికి నోరుందని వడ్రంగి ఒక్క మాటైనా చెప్పలేదు మరి!

గుమ్మం పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ పుష్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లేకపోతే నవ్వు ఆగేలా లేదు.

“ఏం జూస్తున్నవ్? నీళ్లు తే!” అని అరిచాడు హనుమంతు. తెచ్చింది.

ఊరి పెద్దమనిషి పోచయ్య కుర్చీ చుట్టూ తిరిగి చూశాడు. “వాస్తు తప్పింది” అన్నాడు. తూర్పుకు తిప్పారు. మళ్లీ పడేసింది. మైసమ్మకు యాటను కోశారు. కూర అందరూ తిన్నారు, హనుమంతు మాత్రం మళ్లీ కిందపడ్డాడు. సరే నేను చూస్తానని పోచయ్యే ఎక్కాడు. “నువ్వసలే గాదు!” అంటూ ఆయన్ని తీసుకెళ్లి గోడకు కొట్టింది.

పుష్పమ్మకు నవ్వు పోయి దిగులు పట్టుకుంది. కుర్చీ గొడవ తేలేదాకా మీటింగు లేదు. మీటింగు లేకపోతే బెల్టుషాపు మూయించే మాటే లేదు. సరిగ్గా బస్సు ఆగే చోటే ఆ మందు దుకాణం. తాగుబోతులు చున్నీ పట్టి లాగిన రోజు నుంచి కూతురు దీప్తికి కాలేజీ బంద్. దుకాణం ఎవరిదంటారా? ఇంకెవరిది, పోచయ్యదే.

“అమ్మా, రేపన్న బస్సెక్కుతనా?” అని పిల్ల రోజూ అడుగుతోంది.

“మీటింగ్ కానియ్యి బిడ్డా” అని తల్లి రోజూ చెబుతోంది.

ఇక ఉండబట్టలేక నోరు తెరిచింది పుష్పమ్మ. “జర గా దుకాణం సంగతి గూడ...”

“ఆడివిల్ల ఇంట్ల ఉంటే ఏం మునిగింది? నీ పని నువ్వు జూసుకో” అన్నాడు హనుమంతు.

ఆమె బట్ట తీసుకుని కుర్చీ తుడవసాగింది. వింత చూడండి! అంతటి పెద్దమనుషుల్ని తన్ని తగలేసిన కుర్చీ, పాలు తాగిన లేగదూడలా కిక్కురుమనకుండా నిలబడింది.

పోచయ్య కళ్లు మెరిశాయి. “దొరికింది! ఆడిదాని చెయ్యి తాకి కుర్చీ మైలవడ్డది. మన తాతల కాలంల ఆడోళ్లు పంచాయతీ కచ్చీరు మెట్లెక్కిన్రా?”

అంతా గంగిరెద్దుల్లా తలలూపారు. పుష్పమ్మను బయటికి నెట్టారు. గొడ్డలి తెచ్చారు. నరుకుతుంటే కూడా కుర్చీ “నువ్వు గాదు, నువ్వు గాదు” అంటూనే ఉంది, పాపం. ఆ కట్టెలు పోచయ్య దుకాణంలో మిర్చిబజ్జీల పొయ్యికి పనికొచ్చాయి.

ఆఫీసుకు ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. దానికి నోరు లేదు. హనుమంతు దర్జాగా కాలు మీద కాలేసుకున్నాడు. మొదటి మీటింగులోనే తీర్మానం రాశారు: ఇకమీదట ఆడవాళ్లెవరూ పంచాయతీ ఆఫీసు గడప తొక్కకూడదు. బెల్టుషాపు ఊసే లేదు.

బయట మెట్ల మీద కూలబడింది పుష్పమ్మ. దీప్తికి ఏం చెప్పాలి? ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

తలుపు తెరుచుకుంది. తీర్మానం పుస్తకం, పెన్ను వచ్చి ఆమె ఒళ్లో పడ్డాయి.

“సంతకం వెట్టు, గెలిచిన సర్పంచువు నువ్వే గదా, నువ్వు వెట్టకుంటే ఇది చెల్లదు” అన్నాడు ఆమె మొగుడు హనుమంతు.