ఎవరి చేతి నిమ్మరసం

"పొద్దుగాల కూసుంటరు, పొద్దుమీకి లేస్తరు. గిదేం నిరాహార దీక్ష పిల్లా? ఏకాదశి నాడు మా ఇంటామె ఇంతకన్నా గట్టిగుంటది!"

నిమ్మరసం గ్లాసు పట్టుకుని రాజలింగం నవ్వాడు. క్యాంపస్‌లో తెలంగాణ కోసం రిలే దీక్షలు నడుస్తున్నాయి. రోజూ సాయంత్రం ఒక పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి ఆ రోజు దీక్ష విరమింపజేయడం ఆనవాయితీ. అరవై తొమ్మిది ఉద్యమంలో జైలుకెళ్లిన మనిషని ఇవాళ తార్నాక నుంచి ఆయన్ని పిలిపించారు.

ఆ రోజు దీక్షలో కూర్చుని, పెదాలు ఎండిపోయిన వనజ గ్లాసు అందుకోలేదు.

"మీరెట్ల చేసిన్రు తాతా?"

"మేమా? పరీక్షలు ఇడిసిపెట్టినం. లాఠీదెబ్బలు తిన్నం. మీ లెక్క టెంటు కింద ఫోన్లు నొక్కుకుంట కూసోలే."

"జైలు నుంచి వచ్చినంక?"

"మళ్ల పరీక్షలు రాసిన. సర్కారు నౌకరీ వచ్చింది. పెద్దాఫీసరుగ రిటైరైన." ఆ మాట కూడా ఆయన గర్వంగానే అన్నాడు.

"మీరు లేసిపోయినంక మీ జాగల ఎవరు కూసున్నరు?"

రాజలింగం గ్లాసు మరో చేతికి మార్చుకున్నాడు.

"నలభై ఏండ్లు ఖాళీగున్నది తాతా. మళ్ల ఖాళీ కావద్దనే మేం వంతులేసుకున్నం."

వనజ ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. తాగలేదు. పక్కన నిలబడ్డ జూనియర్ స్రవంతికి అందించింది.

"రేపు కూసునేది నువ్వు గదా. నువ్వియ్యి, తాగుత."