బొమ్మ కింద మాటలు

సరిగ్గా ఆరున్నరకు జయంత్ ఫోను మోగింది. ఎవరో పూర్ణిమకు తెలుసు. అయినా వంటగదిలోంచి వచ్చి చూసింది. సుప్రియ.

మోగినంతసేపు మోగనిచ్చి, ఆగాక ఫోనును బోర్లా పెట్టింది. జయంత్ ఆరింటికల్లా ఫోను ఇంట్లో పెట్టేసి కోనేరు సెంటరు దాకా నడకకు వెళ్తాడనీ, ఏడు దాటితే గానీ రాడనీ ఆ అమ్మాయికి తెలుసు. పూర్ణిమ వింటుండగా ఆయనే చెప్పాడు. అయినా రోజూ ఇదే వేళకు చేస్తుంది.

“అరగంట కూడా ఆగలేదు కాబోలు,” అని పూర్ణిమ పళ్లు నూరుకుంది.

జయంత్ యూనివర్సిటీలో చరిత్ర చెప్తాడు. చూపులేని విద్యార్థులకు అక్కడి పాఠాలను వాళ్ల ఫోన్లే పైకి చదివి వినిపిస్తాయి. మధ్యలో బొమ్మ వస్తే మాత్రం ‘చిత్రం’ అని ఊరుకుంటాయి. అందుకని బొమ్మ కింద నాలుగు మాటలు రాయమని లెక్చరర్లకు చెప్పారు. ఆ రాతలు సరిచూసే ఉద్యోగం సుప్రియది. ఆమెకూ పుట్టుకతోనే చూపు లేదు. అలాంటి పిల్ల మీద ఈర్ష్యేమిటని పూర్ణిమకు మొదట్లో సిగ్గేసింది. పోనుపోను సిగ్గు పోయి ఈర్ష్య మిగిలింది.

జయంత్‌కు తెలుగు టైపు చేయాలంటే ఒక్క వేలే ఆడుతుంది. అందుకని ఆయన చెబుతుంటే పూర్ణిమ కంప్యూటర్లో కొట్టేది.

“రాయి. ఒక స్త్రీ విగ్రహం. నిలబడి ఉంది. ఆఁ, తర్వాతది.”

“అంతేనా అండీ?”

“ఇంకేముంది? నిలబడిందిగా!”

ఘంటసాల ఊళ్లో దొరికిన పాతకాలపు రాతి శిల్పం బొమ్మ చూసి ఆయనకు తోచింది అంతే. వారం నుంచి పూర్ణిమ మెడలో మెరుస్తున్న కొత్త చిలకలపూడి గిల్టు గొలుసే ఆయన కంట పడలేదు, రాతి మనిషి ఏం పడుతుంది? ఆయన కాఫీ తాగడానికి లేవగానే పూర్ణిమ ఆ రెండు ముక్కలూ చెరిపేసి మళ్లీ రాసింది.

‘ఒక స్త్రీ బరువంతా కుడికాలి మీద మోపి నిలబడింది. ఎడమ మడమ నేలకు ఆనలేదు. ఎవరో పిలిస్తే వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేనట్టుంది. కడియం చీలమండ మీదికి జారింది.’

ఆయన చదవకుండానే పంపేశాడు. అది ఆయన అలవాటు.

మర్నాడు సుప్రియ గొంతు సందేశమై వచ్చింది. “సార్, ఇంతకీ ఆవిడ వెళ్లిందాండీ, ఆగిపోయిందాండీ? నిన్నట్నుంచీ నాకు అదే ఆలోచన.”

జయంత్ దాన్ని రెండుసార్లు వేసుకుని విన్నాడు. “చూశావా పూర్ణా, ఎంత శ్రద్ధో!”

పూర్ణిమ లోలోపలే గొణుక్కుంది. సొమ్మొకరిది, సోకొకరిది. మాటలు తనవి, మురిపెం ఆయనది. అప్పట్నుంచి ప్రతి బొమ్మా ఆమే దిద్దింది. మానేద్దామన్నా చెయ్యి ఊరుకోలేదు. అవతల ఆ గొంతు ‘సార్, సార్’ అంటూ రోజురోజుకీ మెత్తబడింది. తన మాటలతోనే తన మొగుణ్ణి ఇంకో ఆడపిల్లకు దగ్గర చేస్తున్నానా అని పూర్ణిమకు గుబులు పట్టుకుంది.

ఒకరోజు జయంత్ తల గోక్కుంటూ వచ్చాడు. “ఆ పిల్ల ఫోన్ చేసి, కడియం ఏ కాలికుంది సార్ అని అడిగింది. కడియం ఎక్కడుందే అందులో?”

“ఎడమకాలికి. చెప్పలేకపోయారా?”

“నీళ్లు నమిలాను. అసలు కడియం అని నేను చెప్పానా?”

“ఆఁ, చెప్పారు.”

“అయితే చెప్పే ఉంటాను.”

ఆ మర్నాటి నుంచే ఆరున్నర ఫోన్లు మొదలయ్యాయి. ఆయన నడక నుంచి వచ్చి తిరిగి చేస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది. ఏమిటట అంటే, “ఏం లేదట, ఊరికే చేసిందట,” అనేవాడు. ఆ ‘ఊరికే’ పూర్ణిమకు ముల్లులా గుచ్చుకునేది.

నిన్న ఆయన ఉత్సాహంగా ఇంటికొచ్చాడు. “వచ్చే నెల విజయవాడలో లెక్చరర్లకు రెండ్రోజుల శిక్షణట. బొమ్మలకు మాటలు రాయడం ఎలాగో నేర్పాలి. రాసినవాళ్లే రావాలని సుప్రియ పట్టుబట్టిందట. ఇంకెవరు, నేనే!”

“ఆ పిల్లా వస్తుందా?”

“రాకుండా ఎలా? మొత్తం చూసుకునేది తనేగా.”

రెండ్రోజులు. పూర్ణిమ వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. మిగిలిన అయిదు బొమ్మలకూ ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టి పంపించింది. ‘ఒక స్త్రీ. కూర్చుని ఉంది. ఒక పురుషుడు. పక్కన ఉన్నాడు.’ తన మాటలు లేకపోతే ఆయన రాత ఏపాటిదో ఆ పిల్లకీ తెలియాలి.

ఇవాళ బోర్లా పెట్టిన ఫోను ఊరుకోలేదు. మళ్లీ మోగింది. ఆగింది. మూడోసారి మోగింది. ఇలా ఎప్పుడూ లేదు.

“అయ్యో, సారుగారికి ఏమైందోనని బెంగ!” పూర్ణిమ చేతులు పమిటకు తుడుచుకుని ఫోనందుకుంది. “సార్ లేరు. నడకకెళ్లారు.”

“తెలుసండీ.”

తడబాటు కూడా లేదు! పూర్ణిమకు ఒళ్లు మండింది. “తెలిసే చేస్తున్నావా? పదిహేను రోజుల్నుంచీ చూస్తున్నాను. ఆయనే చేస్తే ఊరికే అంటావు, ఆయన లేనప్పుడేమో ఇల్లెగిరిపోయేలా మోగిస్తావు. ఆడపిల్లవి, గట్టిగా అనడం ఇష్టంలేక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మనిషి ఇంట్లో ఉండడని తెలిసీ ఎవరి కోసమమ్మా ఈ ఫోన్లు?”

అవతల ఆ గొంతు నెమ్మదిగా అంది.

“మీ కోసమేనండీ. నిన్నటి అయిదు బొమ్మల కిందా మీరెందుకు రాయలేదండీ?”