యూనా వెతికిన సీసా

"మళ్లీ మొదలెట్టావు కదూ?" అంది యూనా.

భోజనమయ్యాక రోజూ ఇచ్చే టానిక్ అనే చేదు సోడా గ్లాసు మొగుడు ఫింటన్ ముందు పెట్టబోతూ ఆగిపోయిందామె. ఐసు ముక్కలు, నిమ్మచెక్క, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఎప్పటిలా లేనివి అతని చేతులే. మోచేతుల కింద నేరేడుపండు రంగులో అరచేతంతేసి మచ్చలు. పైకి మడిచిన ప్యాంటు కింద పిక్కల మీద ఆవాలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు.

"పాక గేటు తగిలిందని చెప్పానుగా."

"మొన్న గేటు, అంతకుముందు ట్రాక్టరు. పొద్దున పళ్లు తోముకుంటే సింకు నిండా నెత్తురు. దానికేం తగిలింది, చర్చి గంటా?"

"నేను తాగలేదు యూనా."

"పోయినసారీ ఇదే మాట, ఇదే మొహం."

తాగుడు మానినవాళ్లు కోటుకి పెట్టుకునే చిన్న పిన్ను అతని ఛాతీ మీద మెరుస్తోంది. ఈస్టర్ ముందు తపస్సుకాలంలో మానేసి, పండగ వెళ్లాక కూడా ముట్టనందుకు ఫాదర్ స్వయంగా గుచ్చిన పిన్ను. యూనా వంగి దాన్ని ఊడదీసి జేబులో వేసుకుంది.

"రక్తపరీక్ష చేయిద్దాం. తాగావని తేలితే స్లైగోలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను. ఈసారి తిరిగి రాను."

ఫింటన్ గ్లాసు అందుకుని ఖాళీ చేశాడు.

ఆసుపత్రిలో డాక్టర్ కీలింగ్ రక్తపరీక్ష కాగితాన్ని రెండుసార్లు చూసింది.

"నెత్తురు గడ్డకట్టించే ప్లేట్లెట్లు లక్షన్నర ఉండాలి. మీకు ఇరవై రెండు వేలే ఉన్నాయి. ఒక్కోసారి ట్యూబులో అవి ఒకదానికొకటి అంటుకుని తక్కువ చూపిస్తాయి. అందుకే వేరే రకం ట్యూబులో తీసి మళ్లీ చూశాం. నిజంగానే తక్కువ."

"ఎందువల్ల?"

"వైరస్ జ్వరం కావచ్చు. కాలేయం, ఎముక మజ్జ కావచ్చు. కొన్ని మాత్రలు కూడా పడవు. ఏమైనా వాడుతున్నారా?"

"తలనొప్పి మాత్ర కూడా మింగను."

"మూలికలు, కషాయాలు?"

"ఈయనకి టీయే కషాయం," అంది యూనా.

"మరి తాగుడు?"

"అదీ! అది అడగండి డాక్టర్ గారూ. గట్టిగా అడగండి."

"ఈస్టర్ ముందు నుంచీ చుక్క ముట్టలేదు," అన్నాడు ఫింటన్.

డాక్టర్ ఇద్దరి మొహాలూ చూసింది. "తాగుడు వల్ల కూడా తగ్గుతాయి," అంది నెమ్మదిగా.

యూనాకి ఆ ఒక్క మాట చాలు.

వార్డులో మంచం ఖాళీ అయ్యేదాకా ఇంట్లోనే జాగ్రత్తగా ఉండమన్నారు. యూనా అతన్ని గడప దాటనివ్వలేదు. పేకాటకి పిలవడానికొచ్చిన పక్కింటి ప్యాకీని గుమ్మంలోంచే పంపేసింది. బాత్రూం నీళ్లతొట్టి మూత తీసి చూసింది. రబ్బరు బూట్లు బోర్లించింది. దాణా బస్తాల వెనక, గడ్డిమోపుల్లో, చివరికి చనిపోయిన అత్తగారి టోపీల పెట్టెలో కూడా చేయి పెట్టి వెతికింది. సీసా దొరకలేదు.

సాయంత్రం మాత్రం గ్లాసు మానలేదు. కోపం కోపమే, మొగుడు మొగుడే. "ఇదిగో, తాగు. ఈ చేదుకైనా నీ యావ చావాలి," అని పోసిచ్చేది.

మళ్లీ పరీక్ష చేస్తే పన్నెండు వేలు.

"నా కళ్లు కప్పి ఎక్కడ తాగుతున్నావు?"

"నా పక్కనే ఉన్నావుగా. నువ్వే చెప్పు."

అతన్ని వార్డులో చేర్పించి వచ్చి యూనా పెట్టె సర్దుకుంది. చూడ్డానికి వెళ్లలేదు. మజ్జ పరీక్ష చేశాక స్టెరాయిడ్లు మొదలుపెడతామని చెప్పారు.

ఆ పరీక్షకి ముందురోజు వార్డు నుంచి ఫోన్ వచ్చింది. ఏ మందూ ఇవ్వకుండానే ప్లేట్లెట్లు డెబ్భై వేలకి ఎక్కాయట.

'ఎక్కవూ మరి! అక్కడ సీసా ఎవరిస్తారు?' అనుకుంది యూనా. అయినా గుండెల మీంచి ఏదో బరువు దిగింది. గుమ్మం దగ్గరి పెట్టెని కాలితో పక్కకి జరిపి, బస్సెక్కింది.

ఫింటన్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మచ్చలు పసుపు రంగుకి తిరిగాయి.

"స్లైగో వెళ్లావనుకున్నాను."

"ఇంకా వెళ్లలేదు. నిజం ఒప్పుకుంటే పిన్ను తిరిగిస్తాను."

"తాగలేదు యూనా."

ఆమె నిట్టూర్చింది. సంచీలోంచి టానిక్ సీసా, గుడ్డలో చుట్టిన గ్లాసు, నిమ్మచెక్క బయటికి తీసింది. "సరేలే, ఇదైనా తాగు. ఇన్నాళ్లూ ఇక్కడ నీకిది ఎవరు పోశారు గనక?"

అతను గ్లాసు పెదాల దాకా తెచ్చాడు. లోపలికొస్తున్న డాక్టర్ కీలింగ్ టానిక్ సీసా చూసి, గబగబా వచ్చి గ్లాసు చేతిలోంచి లాక్కుంది.

"ఇది రోజూ తాగుతారా?"

"ఒట్టి టానిక్ డాక్టర్ గారూ! వాసన చూడండి, చుక్క సారాయి లేదు," అంది యూనా. "తాగుడు మానిన రోజు నుంచీ నా చేత్తో నేనే పోస్తున్నాను."

డాక్టర్ ఆ గ్లాసుని సింకులో వంచేసింది.

"దీని చేదు క్వినైన్‌ది, మలేరియాకి ఇచ్చే మందు. ఏ కొద్దిమందికో అది పడదు. పడనివాళ్ల ఒళ్లు తన ప్లేట్లెట్లని తానే చంపుకుంటుంది. ఇక్కడ ఇది లేదు కాబట్టే పెరిగాయి. ఇంకో పరీక్షతో ఖాయం చేసుకుందాం గానీ, రేపు మజ్జ జోలికి పోనక్కర్లేదు."

యూనా చెయ్యి జేబులో పిన్ను మీద బిగుసుకుపోయింది.

ఫింటన్ దిండు మీదికి హాయిగా వాలాడు.

"పోనీలే యూనా," అన్నాడు. "నువ్వు వెతికిన సీసా దొరికిందిగా."