పొయ్యి మీది ముగ్గు

మెదడులోని సన్నటి రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు ఇంటింటికీ వచ్చాక, పొయ్యి వెలిగించి మరిచిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. దానికి కనిపెట్టిన మందు డబ్బున్న దేశాలకు వెళ్లింది. మనకు తాళమున్న పొయ్యి వచ్చింది. దాని అద్దం మీద రోజూ కొత్త చుక్కలు వస్తాయి. వేలు ఎత్తకుండా వాటిని ముగ్గుగా కలిపితేనే మంట వెలుగుతుంది. మా వీధిలో అది ఇంకా చేతనవుతున్నది సువర్చల ఒక్కతికే. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి అందరి పొయ్యిలూ ఆమే వెలిగిస్తుంది.

ఈ రోజు అప్పలకొండ ఇంట్లో ఆమె వేలు సగంలో ఆగిపోయింది. పొయ్యి చుక్కలు మార్చింది. వేలు మళ్లీ ఆగింది.

"ఏటే, కొత్త పెళ్లికూతురునాగ ఆ సిగ్గేటి?" అని అప్పలకొండ నవ్వింది.

"ఎటు తిప్పాలో తెలడం నేదు పిన్నీ."

అప్పలకొండ నవ్వు ఆగిపోయింది. మూడోసారీ తప్పాక అద్దం నల్లబడింది. మూడుసార్లు తప్పిన చేతిని పొయ్యిలన్నీ గుర్తుపెట్టుకుంటాయి; ఇకమీదట ఆ చేతికి ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు.

"నూనె సెయ్యేమోనే," అంటూ అప్పలకొండ తన కొంగుతో ఆ వేలిని గట్టిగా తుడిచింది. తుడుస్తూనే ఉంది.

పక్కింటి నుంచి కేక వినిపించింది. "సువర్సలా, బియ్యం కడిగీసినాను. మా మావ ఆకలని ఏడుత్తన్నాడు, బేగి రాయే!"

"వత్తన్నానొదినా," అని బదులిచ్చి, సువర్చల అక్కడే కూలబడింది.